రోమ్ శిథిలాలకు ఒక ఉదయం ఇవ్వండి: యూరప్ టూర్ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల నుంచి యూరప్ ప్యాకేజీ టూర్లు నడుపుతున్న నిర్వాహకులకు, ఆ బృందాల వెంట వచ్చే టూర్ మేనేజర్లకు

నమస్కారం.

మీ కరపత్రాల్లో రోమ్ ఉన్న రోజు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పొద్దున వాటికన్, మధ్యాహ్నం ఇండియన్ రెస్టారెంట్‌లో భోజనం, ఆ తర్వాత కొలోసియం, ట్రెవీ ఫౌంటెన్, చీకటి పడ్డాక హోటల్. కొలోసియం పేరు పక్కన చిన్న అక్షరాల్లో 'బయటి నుంచి' అని ఉంటుంది. కొన్ని కరపత్రాల్లో ఆ మాట కూడా ఉండదు. లక్షలు ఖర్చుపెట్టి, వీసా కోసం బ్యాంకు కాగితాలన్నీ పోగేసి, అంత దూరం ప్రయాణించిన మనిషి బస్సు దిగి, గోడ ముందు నిలబడి ఫొటో దిగి, మళ్లీ బస్సెక్కుతున్నాడు. ఎదురుగా నడిచివెళ్లేంత దూరంలో రోమన్ ఫోరం (పాత రోమ్ నడిబొడ్డు, గుళ్లూ సభామందిరాల శిథిలాలున్న చోటు), చక్రవర్తుల భవనాలుండిన పాలటైన్ కొండ ఉన్నాయన్న సంగతి కూడా చాలామందికి చెప్పేవారు లేరు.

మేం అడుగుతున్నది ఒక్కటే. రోమ్ శిథిలాలకు ఒక పూర్తి ఉదయం కేటాయించండి, మనుషుల్ని లోపలికి తీసుకెళ్లండి. ఖర్చు మీరు అనుకుంటున్నంత కాదు. కష్టమంతా ముందస్తు ఏర్పాట్లలో ఉంది. అవి ఎక్కడ చెడుతున్నాయో, ఎలా సరిచేసుకోవచ్చో వివరంగా రాస్తున్నాం.

ముందు టికెట్ల సంగతి. కొలోసియం, ఫోరం, పాలటైన్ మూడింటికీ కలిపి ఒకే టికెట్. ఇది రాసే నాటికి సాధారణ టికెట్ ధర 18 యూరోలు, 24 గంటలు చెల్లుతుంది. కొలోసియం లోపలికి మాత్రం టికెట్ మీద వేసిన సమయానికే వెళ్లాలి. అరీనా నేల మీదికో, కింది భూగర్భ గదుల్లోకో వెళ్లాలంటే 24 యూరోల టికెట్ కావాలి, అది రెండు రోజులు చెల్లుతుంది. 18 ఏళ్ల లోపు పిల్లలకు రుసుము లేదు. అయితే వాళ్ల పేరు మీద కూడా సున్నా ధర టికెట్ తీసుకుని ఉండాలి. పిల్లలకు ఉచితమే కదా అని బుక్ చేయకుండా వచ్చి, గేటు దగ్గర తల్లి ఒకవైపు, బిడ్డ ఒకవైపు అయ్యే పరిస్థితి దీనివల్లే వస్తుంది.

ఈ టికెట్లు అధికారిక సైట్‌లో సందర్శన తేదీకి 30 రోజుల ముందు అమ్మకానికి వస్తాయి. భూగర్భ గదుల టికెట్లు రావడమే ఆలస్యం, అయిపోతాయి. మీ దగ్గర చిక్కు వచ్చేది ఇక్కడే. చాలా బృందాల్లో వీసాలు ప్రయాణానికి పది, పదిహేను రోజుల ముందు గానీ చేతికి రావు. వీసా రాకుండా పేరు మీద టికెట్ కొంటే డబ్బు పోతుందని భయం. వచ్చాక కొందామంటే టికెట్లు ఉండవు. చివరికి 'బయటి నుంచి' చూపించి సరిపెడుతున్నారు. షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తుకు అపాయింట్‌మెంట్ దొరకడమే వేసవిలో కష్టం కనుక, మే నెల బృందానికి సంక్రాంతి వెళ్లగానే కాగితాలు సిద్ధం చేయించండి. ఏప్రిల్ మొదటికి వీసాలు చేతిలో ఉంటే, టికెట్లు విడుదలైన రోజునే కొనవచ్చు.

2023 అక్టోబరు నుంచి టికెట్ మీద సందర్శకుడి పేరు ఉంటుంది. గేటు దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. మన పేర్లతో తకరారు అంతా ఇంతా కాదు. మీ జాబితాలో 'కె.వి.ఎస్. ప్రసాద్' అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో పూర్తి ఇంటిపేరు, పేరు గడిలో 'వెంకట సత్య ప్రసాద్' అని ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లలో కొందరికి పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, మీ దగ్గర అత్తింటి పేరు. ఇంకొందరికి ఇంటిపేరు గడి ఖాళీ. కాబట్టి వాట్సాప్‌లో పంపిన పేర్లు చూసి ఎక్కించకండి. పాస్‌పోర్టు ఫొటో పేజీ ఎదురుగా పెట్టుకుని, ఏ గడిలో ఏముందో ఆ గడిలో అదే ఎక్కించండి. ఇంటిపేరు ఖాళీగా ఉన్నవాళ్లకు విమానం టికెట్ మీద ఎలా వచ్చిందో అలాగే రాయండి, రెండూ ఒకదానికొకటి సాక్ష్యంగా ఉంటాయి. ఆ ఉదయం పాస్‌పోర్టులు హోటల్ లాకర్లో వదిలి రావద్దని ముందురోజు రాత్రే చెప్పండి. తర్వాత మార్పించుకోవచ్చులే అన్న ధీమా ఈ టికెట్ల దగ్గర పనికిరాదు.

కొలోసియం మెట్రో స్టేషన్ బయట మెడలో కార్డులు వేసుకుని 'క్యూ లేకుండా పంపిస్తాం' అంటూ చుట్టుముట్టేవాళ్ల దగ్గర ఆఖరి నిమిషంలో కొనే పని పెట్టుకోకండి. టికెట్‌కు రెండు మూడింతలు తీసుకుంటారు. భద్రతా తనిఖీ క్యూ మాత్రం ఎవరికైనా తప్పదు. బాట్లతో, అంటే వాటంతటవే కొనేసే కంప్యూటర్ ప్రోగ్రాములతో, టికెట్లను మూకుమ్మడిగా కొనేసి ఎక్కువ ధరకు అమ్మే వ్యాపారం ఎంత పెరిగిందంటే, 2025 ఏప్రిల్‌లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఈ వ్యవహారంలో పలు సంస్థలకు కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. ఖర్చు మిగులుతుందని ఆ రోజు పెట్టుకునే బృందాలున్నాయి. ఆ రోజు ముందస్తు బుకింగ్ ఉండదు, ఊరూరంతా అక్కడే ఉంటుంది. పెద్దవాళ్లతో వచ్చే బృందానికి ఆ రోజు వద్దే వద్దు.

తేదీల విషయంలో ఇంకో మాట. మనవాళ్ల ప్రయాణాలన్నీ బడి సెలవుల్ని బట్టి ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా ఉంటాయి. మే 1న రవాణా తగ్గిపోతుంది. జూన్ 2 ఇటలీ గణతంత్ర దినోత్సవం. సైనిక కవాతు సరిగ్గా కొలోసియం నుంచి పియాజ్జా వెనేజియా కూడలికి వెళ్లే రోడ్డు మీదే జరుగుతుంది, ఆ ఉదయం ఆ ప్రాంతమంతా కట్టుదిట్టం. రైళ్లు, మెట్రో సమ్మెలు కూడా తరచూ ఉంటాయి. వాటిని ముందుగానే ప్రకటిస్తారు. వారం ముందు చూసుకుంటే ఉదయాన్ని మధ్యాహ్నానికి మార్చుకునే వీలుంటుంది. అక్టోబరు చివరి ఆదివారం నుంచి ఫిబ్రవరి దాకా కొలోసియం సాయంత్రం 4:30కే మూస్తారు, ఆఖరి ప్రవేశం దానికి గంట ముందు. దసరా సెలవులు దాటాక వచ్చే బృందాలకు 'భోజనం చేసి వెళ్దాం' అన్న ఆలోచన అసలే కుదరదు.

ఇక బస్సు. యూరప్‌లో కోచ్ డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి. రోజుకు నడపగలిగేది మామూలుగా 9 గంటలు. ఎక్కడ ఎంతసేపు ఆగాడో బండిలోని యంత్రమే నమోదు చేస్తుంది. మన దగ్గరలాగా 'ఇంకో గంట లాగించు బాబూ' అంటే కుదరదు. ఉదయం ఫ్లోరెన్స్‌లో బయల్దేరి, దాదాపు 280 కిలోమీటర్లు వచ్చి, అదే రోజు రోమ్ చూపించే ప్రణాళిక ఇందువల్లే విరిగిపోతుంది. దారిలో ఒక గంట ఆలస్యమైతే ముందు ఎగిరిపోయేది శిథిలాలే. రోమ్‌లో ఒక రాత్రి పడుకుని మర్నాడు పొద్దున చూడటమే సరైనది. రోమ్ నడిబొడ్డున ఉన్న 'సి' జోన్‌లోకి 2019 నుంచి టూరిస్టు కోచ్‌లను దాదాపుగా రానివ్వడం లేదు. కొలోసియం వైపు దించడానికి కూడా ముందే పర్మిట్ తీసుకోవాలి, ఎక్కువసేపు ఆపనివ్వరు. ఊరి బయట హోటల్ ఇచ్చి ఉంటే ఉదయం 7 గంటలకల్లా బస్సు కదలాలి. లేదంటే మెట్రో బి లైన్‌లో కొలొస్సెయో స్టేషన్ దగ్గర దిగితే మెట్లెక్కగానే కట్టడం ఎదురుగా ఉంటుంది. మెట్రోలో జేబుదొంగలు ఎక్కువ. బ్యాగు ముందుకు వేసుకోమనండి.

మొదటి స్లాట్ 8:30. అదే పట్టుకోండి. వాటికన్‌ను మధ్యాహ్నానికి జరపండి. సెయింట్ పీటర్స్ బాసిలికా సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది, బుధవారం ఉదయాల్లో పోప్ దర్శనం ఉన్నప్పుడు ఎలాగూ లోపలికి వెళ్లడం కష్టం. గేటు దగ్గరికి 8 గంటలకల్లా చేరండి. విమానాశ్రయంలో మాదిరి తనిఖీ ఉంటుంది. పెద్ద బ్యాక్‌ప్యాక్‌లు, ట్రాలీ బ్యాగులు లోపలికి రానివ్వరు, భద్రపరిచే గది లేదు. గాజు సీసాలు, స్ప్రేలు కూడా వద్దంటారు. పచ్చడి సీసా బ్యాగులో మరిచిపోయి వచ్చినవాళ్లు దాన్ని అక్కడే వదిలేయాల్సి వస్తుంది.

లోపల గంటా పావు చాలు, ఏం చూడాలో తెలిస్తే. చాలామంది పైఅంతస్తు నుంచి మధ్యలోకి చూసి, అక్కడ కనిపించే సన్నటి గోడల చిక్కుముడిని ఆటస్థలం అనుకుంటారు. అది ఆటస్థలం కాదు, దాని కింది అంతస్తు. పైన చెక్కల నేల ఉండేది, దాని మీద ఇసుక పోసేవారు. గోడల మధ్య నుంచి జంతువుల బోన్లను, తెరల్ని తాళ్లతో, చక్రాలతో పైకి లాగేవారు. అలాంటి ఒక లిఫ్టును 2015లో మళ్లీ చెక్కతో తయారుచేసి పెట్టారు. చక్రవర్తి వెస్పేసియన్ మొదలుపెట్టించిన ఈ కట్టడాన్ని ఆయన కొడుకు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. ఈ కింది అంతస్తును టైటస్ తమ్ముడు డొమీషియన్ కాలంలో కట్టారు. ఈ వరుస చెబితే ఇంటర్ చదివే పిల్లవాడికి కూడా గుర్తుండిపోతుంది.

బయటి గోడలో ప్రతి రాతికీ పిడికిలి పట్టేంత గుంతలు కనిపిస్తాయి. తుపాకీ గుళ్ల దెబ్బలనీ, ఫిరంగులనీ మన బృందాల్లో వినిపిస్తుంటుంది. అవి ఇనుము కోసం తవ్విన గుంతలు. టివోలీ ఊరి దగ్గర తీసిన ట్రావెర్టైన్ అనే సున్నపురాళ్లను ఒకదానికొకటి ఇనుప పట్టీలతో బిగించి, సీసం పోసి కట్టారు. మధ్యయుగంలో ఇనుము కరువైనప్పుడు జనం రాళ్ల అతుకుల దగ్గర తొలిచి ఆ పట్టీలు లాక్కుపోయారు. అందుకే గుంతలన్నీ రాయి నడుమ కాకుండా, రెండు రాళ్లు కలిసే చోటే ఉంటాయి. ఒక్కసారి దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే ఇక వివరణ అక్కర్లేదు.

ఆ తర్వాత తూర్పు చివరకు నడిపించండి. 1349 భూకంపంలో దక్షిణం వైపు బయటి గోడ కూలిపోయింది. ఆ రాళ్లు తరవాతి కాలంలో ఊళ్లోని భవనాలకు చేరాయి. ఉత్తరం వైపు మిగిలిన ఎత్తైన గోడ కూడా 1800ల మొదట్లో పడిపోయే స్థితికి వచ్చింది. అప్పుడు రఫేలే స్టెర్న్ అనే వాస్తుశిల్పి ఇటుకలతో ఒక పెద్ద ఏటవాలు దన్ను కట్టించాడు. కమానుల్లోని రాళ్లు జారుతున్నవి జారుతున్నట్టే ఉండగా, వాటిని సరిచేయకుండా, ఉన్న స్థితిలోనే చుట్టూ ఇటుక నింపేశాడు. ఇప్పటికీ కమాను నడినెత్తి రాళ్లు కిందికి దిగజారి ఆగిపోయి కనిపిస్తాయి. పడమర చివర వాలాదియె అనే మరో వాస్తుశిల్పి 1820లలో కట్టించిన దన్ను మాత్రం పాత కమానుల ఆకారాన్నే ఇటుకలో అనుకరిస్తుంది. పురాతన కట్టడాన్ని ఎలా కాపాడాలన్న విషయంలో రెండు వేర్వేరు అభిప్రాయాలు ఒకే గోడకు రెండు చివర్లా నిలబడి ఉన్నాయి. ఇంజనీర్లు, సివిల్ కాంట్రాక్టర్లు ఉన్న బృందాలు ఇక్కడి నుంచి కదలవు.

ప్రవేశ కమానుల నెత్తిన రోమన్ అంకెలు కూడా చూపించండి. మొత్తం 80 కమానుల్లో 76కు అంకెలు వేశారు. మిగిలి ఉన్నది 23 నుంచి 54 దాకా. వచ్చిన ప్రేక్షకుడు తన బిళ్ల మీది అంకెను చూసుకుని సరైన కమానులోంచి వెళ్లేవాడు. దాదాపు 188 మీటర్ల పొడవు, 156 మీటర్ల వెడల్పున్న ఈ కట్టడంలోకి వేలాది మంది తొక్కిసలాట లేకుండా వెళ్లి వచ్చింది ఈ ఏర్పాటుతోనే. పుష్కరాలకు, జాతరలకు జనాన్ని అదుపుచేసే ఉద్యోగాలు చేసినవాళ్లు మన బృందాల్లో తప్పకుండా ఉంటారు. వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

కొలోసియం నుంచి ఫోరంకు వెళ్లేటప్పుడు ఎక్కువ బృందాలు ఎదురుగా కనిపించే గేటుకే పరుగెత్తుతాయి. వయా డి సాన్ గ్రెగోరియో మీద ఉన్న గేటు కొద్ది నిమిషాల నడక, క్యూ తక్కువ. అక్కడ మొదలుపెడితే నెమ్మదిగా పాలటైన్ కొండ ఎక్కి, చక్రవర్తుల భవనాల శిథిలాలు దాటి, ఫార్నేసె తోటల అంచుకు చేరతారు. అక్కడి నుంచి ఫోరం మొత్తం కాళ్ల కింద పరిచినట్టు కనిపిస్తుంది. ఏ స్తంభం ఏ గుడిదో ముందు పైనుంచి చూపించి, ఆ తర్వాత కిందికి దింపితే మనుషులు తికమక పడరు. నేరుగా ఫోరంలోకి దిగితే విరిగిన రాళ్ల మధ్య పది నిమిషాల్లో ఆసక్తి చచ్చిపోతుంది. 'ఏముంది ఇక్కడ, అన్నీ బండలే' అన్న మాట వచ్చేది శిథిలాల వల్ల కాదు, తప్పుడు వరుస వల్ల. ఒకసారి బయటికి వచ్చాక మళ్లీ లోపలికి పంపరని కూడా గుర్తుంచుకోండి.

కిందికి దిగాక టైటస్ కమాను లోపలి గోడను తప్పక చూపించండి. క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయాన్ని కొల్లగొట్టి తెచ్చిన ఏడు కొమ్మల దీపస్తంభాన్ని సైనికులు భుజాల మీద మోస్తున్న శిల్పం ఉంటుంది. ఆపై చక్రవర్తి ఆంటొనైనస్, ఆయన భార్య ఫాస్టినాల గుడి. ముందు నిలబడి పైకి చూడండి. స్తంభాల వెనక ఉన్న చర్చి తలుపు నేలకు అందకుండా గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. ఆ తలుపు పెట్టిన రోజుల్లో నేల అక్కడిదాకా ఉంది. శతాబ్దాల మట్టి, చెత్త పేరుకుని ఫోరం పూడిపోయి, పశువులు మేసే మైదానంగా మారింది. తవ్వకాల్లో ఆ మట్టంతా తీసేశాక తలుపు పైన మిగిలిపోయింది. అదే గుడి స్తంభాల పైభాగాన ఏటవాలు గాట్లు కనిపిస్తాయి, తాళ్లు బిగించి వాటిని పడదోయాలని చూసిన గుర్తులు. గుడి చర్చిగా మారింది కాబట్టే నిలిచింది. సెనేట్ సమావేశ మందిరం కూడా అలాగే 7వ శతాబ్దంలో చర్చి అయి బతికి బయటపడింది.

బాసిలికా జూలియా (ఇక్కడ బాసిలికా అంటే చర్చి కాదు, కోర్టులు నడిచిన పెద్ద సభామందిరం) మెట్ల మీద గీసిన ఆటల గళ్లను వెతికి చూపించండి. కోర్టు వ్యవహారాలకు వచ్చి పొద్దుపోక కూర్చున్నవాళ్లు చెక్కుకున్నవి. మన గుళ్ల మండపాల అరుగుల మీద పులి-మేక గీతలు చూసి పెరిగినవాళ్లకు వాటిని చూడగానే మొహం విప్పారుతుంది. ఫోరంకు అవతలి వైపు బాసిలికా ఎమీలియా పాలరాతి నేల మీద పచ్చటి మరకలు, క్రీ.శ. 410లో గోత్‌ల రాజు అలారిక్ సేనలు రోమ్‌ను దోచినప్పుడు మంటల్లో కరిగిన కంచు నాణేల గుర్తులుగా చెబుతారు.

మన బృందాలకు చెప్పాల్సిన ఇంకో సంగతి మాక్సెన్షియస్ బాసిలికా దగ్గర ఉంది. ఆకాశమంత ఎత్తున మూడు కమాను గదులు నిలిచి ఉన్న ఆ కట్టడం కింద, అంతకు ముందరి కాలపు మిరియాల గిడ్డంగుల అవశేషాలు ఉన్నాయి. డొమీషియన్ కట్టించినవి. మిరియాలు, సుగంధద్రవ్యాలు భారతదేశం నుంచి ఎర్రసముద్రం, ఈజిప్టు మీదుగా అక్కడికి చేరేవి. మిరియాలు ప్రధానంగా మలబారు తీరానివి. మన మసూలా (మచిలీపట్నం) తీరం నుంచి సన్నటి నూలు వస్త్రాలు వెళ్లేవని క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం పెరిప్లస్ చెబుతోంది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు) లాగేసుకుంటోందని రోమన్ రచయిత ప్లినీ అప్పట్లోనే వాపోయాడు. ఆ డబ్బు ఎటు వచ్చిందో తెలియాలంటే నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ నాణేల నిధి చాలు. నాగార్జునకొండ తవ్వకాల్లోనూ రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. అక్కడి మెట్ల వరుసల క్రీడా ప్రాంగణాన్ని జలాశయంలో మునగకుండా అనుపులో మళ్లీ నిర్మించారు. బయల్దేరే ముందు అనుపు చూసొచ్చినవాళ్లు రోమ్‌లో అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

ఇవన్నీ ఎవరు చెప్పాలి? ఇటలీలో లైసెన్సున్న గైడ్ తప్ప మరొకరు స్మారకాల దగ్గర బృందాన్ని తిప్పుతూ వివరించకూడదు, జరిమానా పడుతుంది. మీ టూర్ మేనేజర్‌కు ఎంత తెలిసినా లోపల మాట్లాడలేడు. గైడ్ ఇంగ్లిష్‌లో చెబుతాడు, సగం మందికి ఆ వేగం అందదు. దీనికి దారి ఉంది. ముందురోజు సాయంత్రం బస్సులో రోమ్‌కు వస్తూ మీ మేనేజర్ తెలుగులో అరగంట మాట్లాడాలి. ఫోరం పటం ఒక కాగితం మీద అచ్చేసి, పది చోట్లకు అంకెలు వేసి, తెలుగులో పేర్లు రాసి అందరికీ పంచాలి. మర్నాడు గైడ్ ఆ అంకెల వరుసలోనే నడవాలని ముందే మాట్లాడుకోవాలి. చెవిలో పెట్టుకునే ఆడియో సెట్లు అద్దెకు తీసుకోండి. పాతిక మంది బృందంలో వెనకబడిన అమ్మమ్మకు కూడా అప్పుడు మాట వినిపిస్తుంది.

పెద్దవాళ్ల గురించి విడిగా రాయాలి, ఎందుకంటే మన బృందాల్లో సగం వాళ్లే. ఫోరంలోని పాత దారి నల్లటి అగ్నిశిలల బండలతో పరిచింది. అంచులు అరిగి గుండ్రంగా ఉంటాయి, సందుల్లో మడమ ఇరుక్కుంటుంది, తడిస్తే జారుతుంది. చెప్పులతో, ఎత్తు మడమలతో వస్తే మడమ మెలిపడటం ఖాయం. మడమను పట్టి ఉంచే బూట్లు వేసుకోవాలని ప్రయాణానికి ముందే చెప్పండి. అక్కడికి వచ్చాక చెబితే వాళ్ల దగ్గర ఉండవు. కొలోసియంలో మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు లిఫ్ట్ ఉంది, సిబ్బందిని అడగాలి. కొండ ఎక్కలేనివాళ్లను పాలటైన్‌కు బలవంతం చేయకండి. వాళ్లను సలారా వెక్కియా గేటు నుంచి ఫోరంలోకే తీసుకెళ్లి, కొండ దిగి వచ్చేవాళ్లతో కింద కలపండి. అందుకు బృందంతో ఇంకొక మనిషి ఉండాలి. ఆ ఖర్చు పెట్టండి.

ఫోరంలో నీడ దాదాపు లేదు. జూన్ ఎండ మన రోహిణి కార్తె అంత కాకపోయినా, రాళ్ల వేడి తోడై తల తిరుగుతుంది. టోపీ, ప్లాస్టిక్ లేదా స్టీలు సీసా తప్పనిసరి. నీళ్లు కొననక్కర్లేదు. రోమ్ వీధుల్లో 'నసోనె' అనే ఇనుప కుళాయిలు దాదాపు 2,500 ఉన్నాయి, 1874 నుంచి పెడుతున్నారు, ఆ నీళ్లు తాగేవే. వంపు గొట్టం చివర వేలితో మూస్తే పైన ఉన్న చిన్న రంధ్రంలోంచి ధార ఎగజిమ్ముతుంది, నోరు ఆనించకుండా తాగవచ్చు. మంచినీళ్లకు బాటిల్‌కు మూడు యూరోలు పెట్టే అవసరం లేదని చెబితే మనవాళ్లు మిమ్మల్ని ఇంటికి వెళ్లాక కూడా తలచుకుంటారు. మరుగుదొడ్లు కొలోసియం కింది అంతస్తులోనూ, పాలటైన్ మ్యూజియం దగ్గరా ఉన్నాయి. కొండ దిగే ముందే వెళ్లి రమ్మనండి.

భోజనం గురించి చెబితే మీకు కోపం రావచ్చు. మధ్యాహ్నం పప్పన్నం కోసం బృందాన్ని ఊరికి అడ్డంగా తీసుకెళ్లి తీసుకురావడానికి రెండు గంటలు పోతున్నాయి. అన్నం రాత్రికి పెట్టండి. మధ్యాహ్నానికి తూకం వేసి కత్తెరతో కోసి ఇచ్చే పిజ్జా రోమ్‌లో అడుగడుగునా దొరుకుతుంది. టమాటా పిజ్జా, బంగాళదుంప పిజ్జా, మార్గెరీటా శాకాహారులకు సరిపోతాయి. 'సుప్లీ' అనే అన్నపు ఉండల్ని మాత్రం అడగకుండా తినొద్దు, వాటిలో తరచూ మాంసం రసం కలుపుతారు. పోయిన రెండు గంటలూ అలా మిగిలితే పెద్ద గుమ్మటమున్న పాత రోమన్ గుడి పాంథియాన్ చూపించే వీలుంటుంది. కొలోసియం నుంచి పియాజ్జా వెనేజియా దాకా ఒక కిలోమీటరు లోపే. దారిలో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభాన్ని రోడ్డు మీది నుంచే చూడవచ్చు. అక్కడి నుంచి ఇంకో పావుగంట నడిస్తే పాంథియాన్. గుమ్మటం అడ్డుకొలత 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తు కూడా అంతే. ఇనుప చువ్వలు లేని కాంక్రీట్ గుమ్మటాల్లో నేటికీ అంతకన్నా పెద్దది లేదు. సున్నం, అగ్నిపర్వత బూడిద, రాతి ముక్కలతో పోసి, పైకి వెళ్లేకొద్దీ తేలికైన రాళ్లు కలిపారు, చివరికి నీటిలో తేలేంత తేలికైన ప్యూమిస్. 2023 జూలై నుంచి అక్కడ 5 యూరోల టికెట్ పెట్టారు.

ఒక హెచ్చరిక. రాళ్ల మీద పేర్లు గీయడం, ముక్క జేబులో వేసుకోవడం, స్తంభాల మీదెక్కి ఫొటోలు దిగడం ఇప్పుడు చిన్న విషయం కాదు. 2024లో వచ్చిన చట్టం ప్రకారం కట్టడానికి నష్టం చేస్తే జరిమానా 60,000 యూరోల దాకా వెళ్తుంది, క్రిమినల్ కేసు అదనం. బృందంలో కుర్రాళ్లకు ఇది విడిగా, సూటిగా చెప్పండి.

ఇక ఖర్చు లెక్క. లోపలికి వెళ్లే టికెట్ 18 యూరోలు, పాంథియాన్ 5, దానిపై గైడ్, ఆడియో సెట్ల వాటా. ప్యాకేజీ మొత్తంలో ఇది చాలా చిన్న ముక్క. ధర పెంచితే పక్క కంపెనీ వైపు వెళ్లిపోతారన్న భయం ఉంటే, కరపత్రంలో రెండు ధరలూ వేయండి: 'కొలోసియం, ఫోరం, పాలటైన్ లోపల, లైసెన్సు గైడ్‌తో' ఒకటి, 'కొలోసియం బయటి నుంచి' ఇంకొకటి. రెండూ ఒకే సైజు అక్షరాల్లో, తెలుగులో. హోటల్లో కట్టాల్సిన రోమ్ నగర పన్ను, మూడు నక్షత్రాల హోటల్‌కు మనిషికి రాత్రికి 6 యూరోలు, నాలుగు నక్షత్రాలకు 7.50, ఎవరు కడతారో కూడా అక్కడే రాయండి.

వచ్చే వేసవి కరపత్రాలు అచ్చుకు వెళ్లేలోగా ఈ మార్పు చేయమని కోరుతున్నాం. దాంతోపాటు, బుకింగ్ ఫారంలో పాస్‌పోర్టు ప్రకారం పేరు, ఇంటిపేరు విడివిడి గడులుగా పెట్టండి. మోకాళ్ల సమస్య ఉందా, మెట్లెక్కగలరా అన్న ప్రశ్న కూడా చేర్చండి. ఫోరం పటానికి తెలుగు పేర్లు రాసిపెట్టడంలో, ఆ ఉదయపు వరుసను మీ సమయాలకు తగ్గట్టు సర్దడంలో మా సాయం కావాలంటే ఇస్తాం, దానికి రుసుము లేదు.

ఇట్లు,
రోమ్ పురాతన కట్టడాల గురించి తెలుగువారికి చెబుతూ వస్తున్న కొందరం